అంకెలు చూపిస్తే పెద్దాయన నొచ్చుకుంటారేమో!

ఈ ఉత్తరం రాసిన సోదరి వయసు 34. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వాళ్ల సంఘంలో ఆదివారం ఆరాధనకు సుమారు 180 మంది వస్తారు. వచ్చే ఏడాది చుట్టుపక్కల వాళ్ల కోసం ఏ పరిచర్య చేపట్టాలో ఆలోచించమని పాస్టర్ గారు ఐదుగురితో కమిటీ వేశారు. అందులో ఈమె ఒకరు. ఉద్యోగరీత్యా లెక్కలతో పరిచయం ఉండటంతో జనగణన పట్టికలు దింపుకుని, తమ వార్డు పదేళ్లలో ఎలా మారిందో చూశారు. జనాభా 8,000 నుంచి 14,000 అయింది. 5–14 ఏళ్ల పిల్లలు 20 శాతం ఉండేవారు, ఇప్పుడు 13 శాతం. 65 దాటినవాళ్లు 6 శాతం నుంచి 11 శాతానికి పెరిగారు. మనిషి ఒక్కరే ఉండే ఇళ్లు 7 శాతం నుంచి 15 శాతానికి, అద్దె ఇళ్లు 22 నుంచి 48 శాతానికి చేరాయి. ప్రస్తుతం వార్డులో ఉన్న ఇళ్లు సుమారు 4,000.

“పిల్లలు తగ్గిపోతున్నారు, ఒంటరి వృద్ధులు పెరిగిపోతున్నారు. మేం మాత్రం డబ్బులోనూ మనుషుల్లోనూ ముప్పాతిక వంతు వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిలు నేర్పే వీబీఎస్‌కే పెడుతున్నాం” అన్నది ఆమె బాధ. చిక్కేమిటంటే, ఆ వీబీఎస్‌ను ఇరవై ఏళ్లకు పైగా నడిపిస్తున్న సంఘ పెద్ద చిన్నప్పుడు ఈమెకు సండే స్కూల్లో పాఠం చెప్పినవారే. కమిటీలో ఈమె అంకెలు ఎత్తగానే ఆయన, “దావీదు జనాన్ని లెక్కబెట్టి ఏం తెచ్చుకున్నాడో చదువుకున్నావు కదమ్మా” అన్నారట. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఇంకోపక్క కమిటీలోని ఒక యవ్వనస్థుడు ఇంటింటికీ తిరిగి పేరు, ఫోను నంబరు, మతం, ప్రార్థన అవసరాలు ఫోన్లో ఎక్కించుకుందాం అంటున్నాడు. నెల రోజుల్లో నివేదిక ఇవ్వాలి. “నిజం చెప్పి ఆయన్ని నొప్పించాలా? ఊరుకుని సంఘాన్ని ఇలాగే నడవనివ్వాలా?” అని అడుగుతున్నారు.

జవాబు:

ముందు మీ లెక్క మరోసారి చూద్దాం. పెద్దాయన సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే లెక్క సరిగ్గా కుదిరితే ఆ చిక్కు సగం విడిపోతుంది.

పిల్లలు తగ్గారని రాశారు. 8,000లో 20 శాతం అంటే 1,600 మంది. 14,000లో 13 శాతం అంటే 1,820 మంది. మీ వార్డులో పిల్లలు తగ్గలేదు, 220 మంది పెరిగారు. జనాభా ఇంత పెరిగినప్పుడు వాటా పడిపోయినా తలల లెక్క పెరగొచ్చు. ఊరు ఎటు మారుతోందో చెప్పేది శాతం. ఎంతమందికి చోటు, మనుషులు, డబ్బు కావాలో చెప్పేది సంఖ్య. పరిచర్య విషయంలో ఈ రెండూ పక్కపక్కన లేని పట్టిక ఎవరికీ చూపించకండి. మీరు “పిల్లలు తగ్గారు” అని కమిటీలో చెప్పి, రేపు ఎవరో ఒకరు ఈ గుణింతం వేసి చూపిస్తే మీ మిగతా అంకెలనూ ఎవరూ నమ్మరు.

వృద్ధుల విషయంలో మీ అనుమానం నిజమే: 480 మంది కాస్తా 1,540 అయ్యారు. అయితే ఒక్క సంగతి వాకబు చేయండి. ఈ పదేళ్లలో ఆ వార్డులో వృద్ధాశ్రమం గానీ, వృద్ధుల కోసం కట్టిన పెద్ద భవన సముదాయం గానీ వచ్చిందా? ఆశ్రమాలు, హాస్టళ్లు, జైళ్లలో ఉండేవాళ్లు మొత్తం జనాభాలో కలుస్తారు. ఇళ్ల లెక్కలో మాత్రం సాధారణంగా కలవరు, వాళ్లకు వేరే పట్టిక ఉంటుంది. ఒకే ఆశ్రమంలో 400 మంది ఉంటే అక్కడి పని వేరు. నిర్వాహకుల అనుమతి తీసుకుని వారానికోసారి ఒకే చోటికి వెళ్లడం అది. 400 ఇళ్లలో విడివిడిగా ఉన్నవాళ్లను పలకరించడం దానికి ఏ పోలికా లేని పని.

ఇక “ఒంటరి వృద్ధులు”. ఈ మాట మీ పట్టికలో లేదు, మీరే కలిపారు. వృద్ధులు పెరిగారు, ఒక్కరే ఉండే ఇళ్లూ పెరిగాయి. ఆ 600 ఇళ్లలో (4,000లో 15 శాతం) ఉన్నది వృద్ధులేనని ఎక్కడుంది? అద్దె ఇళ్లు 22 నుంచి 48 శాతానికి ఎగబాకిన వార్డులో, ఉద్యోగం కోసం వచ్చి గది తీసుకున్న పాతికేళ్లవాళ్లే అందులో ఎక్కువమంది కావచ్చు. పక్కపక్కన పెరిగిన రెండు అంకెలను ఒకే మనిషికి అంటగట్టడం అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసే పనే. దీనికి మందు వయసును, కుటుంబ పరిమాణాన్ని కలిపి చూపే పట్టిక. “ఒక్కరే నివసించే ఇళ్లు, నివసించేవారి వయసు” లాంటి పేరుతో ఉంటుంది. వార్డు స్థాయిలో లేకపోతే పట్టణం స్థాయిలో దొరికేది తీసుకోండి. అది మీ వార్డుకు అచ్చంగా వర్తించదు, కానీ సగానికి అటా ఇటా అన్నది తెలుస్తుంది. పేదరికం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. వార్డులో పేదలు ఎక్కువ, వృద్ధులు ఎక్కువ అయినంత మాత్రాన పేదలంతా వృద్ధులే అనుకోకూడదు.

ఇంకో మౌలికమైన ప్రశ్న ఉంది: మీ ప్రాంతం అంటే మీ వార్డేనా? వార్డు గీతను ఎన్నికల కోసమో పన్నుల కోసమో గీశారు. మందిరం వార్డు అంచున ఉంటే రోడ్డుకు అవతల ఉన్నవాళ్లు మీ పట్టికలోకి రారు. మూడు కిలోమీటర్ల దూరాన ఉన్నవాళ్లు వస్తారు. అందుకే మ్యాపు మీద రెండు పనులు చేయండి. మొదటిది, సభ్యుల ఇళ్లకు చుక్కలు పెట్టండి. పేర్లు వద్దు, వీధి తెలిస్తే చాలు. రెండోది, మందిరం నుంచి పదిహేను నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే మేర ఒక గీత గీయండి. మామూలుగా అది కిలోమీటరు లోపు, లేదంటే కొంచెం పైన. కాంపస్‌తో గుండ్రంగా గీయకండి, నిజంగా నడిచి గీయండి. రైలు పట్టాలో, కాలువో, దాటడానికి వీల్లేని పెద్ద రోడ్డో ఉంటే మీ ప్రాంతం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత జనగణన వాళ్ల చిన్న విభాగాల్లో ఏవి సగానికి పైగా ఆ గీత లోపల పడ్డాయో వాటినే కలుపుకోండి. పదేళ్ల పోలికకు ముందు ఆ విభాగాల సరిహద్దులు మధ్యలో మారాయేమో తప్పక చూడండి. మారి ఉంటే, 8,000 నుంచి 14,000 అయిన జనాభాలో కొంత పక్క వార్డు నుంచి కలిసిన ముక్క కావచ్చు.

మ్యాపు మీద ఈ రెండూ కలిపి చూస్తే చాలా సంఘాలకు ఒక సంగతి తెలుస్తుంది: సభ్యుల్లో ఎక్కువమంది ఆ పదిహేను నిమిషాల గీతకు బయటే ఉన్నారని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే “మాకు మా వీధి తెలుసు” అనే మాట మాత్రం చెల్లదు.

ఇతర పాఠకుల కోసం రెండు ముక్కలు, ఎందుకంటే ఏ అంకె ఎంత పాతదో తెలియకుండా దాన్ని వాడకూడదు. భారత్‌లో పూర్తయిన చివరి జనగణన 2011 నాటిది, తర్వాతి దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011 పట్టికల్లో వార్డు స్థాయిలో దొరికేవి మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, అక్షరాస్యులు, పనిచేసేవారు, సొంత ఇల్లా అద్దె ఇల్లా వంటివి. 65 దాటినవాళ్ల లెక్క కావాలంటే పై స్థాయి పట్టికలకు వెళ్లాలి. అమెరికాలో 2020 జనగణనతో పాటు ఏటా వచ్చే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఉంది. చిన్న ప్రాంతాలకు అది ఇచ్చేది ఐదేళ్ల సగటు, ప్రతి అంకె పక్కన పొరపాటుకు అవకాశం ఎంతో కూడా అచ్చువేస్తుంది. 120 పక్కన ±70 అని ఉంటే అసలు సంఖ్య 50 కావచ్చు, 190 కావచ్చు. దాని మీద కార్యక్రమం కట్టకండి, పక్కపక్క విభాగాలు కలిపి పెద్ద సంఖ్య చేసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో చివరిది 2021లో, స్కాట్లండ్‌లో 2022లో జరిగాయి. మరీ చిన్న ప్రాంతాల అంకెలను గోప్యత కోసం చాలా దేశాలు కావాలనే కొద్దిగా కదిలిస్తాయి. కాబట్టి “మా వీధిలో 3 కుటుంబాలు” వంటి సంఖ్యను అక్షరాలా నమ్మవద్దు.

ఇక మీ పెద్దాయన దగ్గరికి వద్దాం.

ఆయన చెప్పింది బైబిల్లో 2 సమూయేలు 24వ అధ్యాయం, దావీదు రాజు జనాన్ని లెక్కబెట్టించి దేవుని శిక్ష కొనితెచ్చుకున్న సంగతి. మీరు తిరిగి సంఖ్యాకాండము మొదటి అధ్యాయం చూపించి, దేవుడే మోషేతో జనాన్ని లెక్కించమన్నాడని అనవచ్చు. వాక్యానికి వాక్యం ఎదురుపెట్టి కమిటీలో గెలిస్తే ఆయన ఓడిపోయినట్టవుతుంది. మీకు కావలసింది అది కాదు కదా. పైగా ఆయన భయంలో న్యాయం ఉంది: దావీదు లెక్క తన బలం చూసుకోవడానికి, కత్తి దూయగలవాళ్లు ఎందరో తెలుసుకోవడానికి. “ఈ వార్డులో ఎంతమందిని మనవాళ్లను చేసుకోవచ్చు” అని లెక్కేసే సంఘం దానికి దగ్గరగానే ఉంటుంది. మీ లెక్క అందుకు కాదని ఆయనకు తెలియాలి. అందుకు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీకు సాయపడుతుంది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అక్కడ అపొస్తలులు చేసింది ఎవరికి అందడం లేదో గుర్తించి, ఆ పనికి ఏడుగురిని నియమించడం. మీ పట్టిక అడిగేదీ ఆ ప్రశ్నే.

ఆ అధ్యాయాన్ని కమిటీలో కాదు, ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడండి. నివేదిక పాస్టర్ గారికి ఇచ్చే ముందు ఆయనకు విడిగా చూపించండి. మొదటి మాటగా, “మన ప్రాంతంలో పిల్లలు 220 మంది పెరిగారండీ” అని చెప్పండి. ఇది ఆయన్ని మంచి చేసుకోవడానికి చెప్పే మాట కాదు, మీ లెక్కే చెబుతోంది.

తర్వాత ఆయన్నే ఒక లెక్క అడగండి: గత మూడేళ్ల వీబీఎస్ నమోదు పుస్తకాలు. అందులో ప్రతి ఏడూ ఎంతమంది పిల్లలు ఆ పదిహేను నిమిషాల గీత లోపలి నుంచి వచ్చారు, ఎంతమంది దూరాన ఉండే సభ్యుల పిల్లలు, మనవలు? పిల్లల పేర్లు అక్కర్లేదు, కేవలం రెండు నిలువు వరుసలు చాలు. 60 మంది పిల్లల్లో 48 మంది కార్లలో వచ్చిన సభ్యుల పిల్లలే అయితే, వీబీఎస్ మంచి కార్యక్రమమే, కానీ అది సంఘ కుటుంబాల పరిచర్య. దాని ఖర్చు ఆ పద్దు కిందికి వెళ్లాలి. చుట్టుపక్కల వాళ్ల కోసం వేసిన పద్దులో ఉండకూడదు. ఎవరి పనినీ తప్పు పట్టకుండా డబ్బు సంగతి తేల్చడానికి ఇదొక దారి. అలా కాకుండా 40 మంది చుట్టుపక్కల పిల్లలే అయితే మీ ఉత్తరంలోని ఫిర్యాదు చాలావరకు వీగిపోతుంది. అందుకూ సిద్ధంగా ఉండండి.

మీ సంఘంలోని వాళ్ల వయసులూ తెలుసుకోండి. ఒక ఆదివారం చిన్న కాగితాలు పంచి, పేరు లేకుండా వయసు వర్గం, నడిచి వచ్చారా వాహనంలో వచ్చారా అన్న రెండే గుర్తులు పెట్టించండి. 0–4, 5–14, 15–24, 25–44, 45–64, 65 పైన అన్న వర్గాలు చాలు. జనగణన పట్టికలో ఏ వర్గాలుంటే అవే వాడండి, లేకపోతే పోల్చలేరు. సగటు వయసు మాత్రం తీయకండి. విద్యార్థులు, వృద్ధులు మాత్రమే ఉన్న చోట సగటు 45 రావచ్చు, ఆ వయసు మనిషి అక్కడ ఒక్కరూ లేకపోవచ్చు.

ఆ యవ్వనస్థుడి ఆలోచన దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడను. ఇంటింటికీ మతం, ఫోను నంబరు రాసుకున్న జాబితా తయారుచేయకండి. ఒక మతసంస్థ దగ్గర వీధుల వారీగా ఎవరిది ఏ మతమో రాసి ఉందన్న కబురు పొక్కితే, మంచి మనసుతో చేసినా ఆ ప్రాంతంలో మీ మాట ఇక చెల్లదు. చట్టం సంగతీ ఉంది. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తుంది. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి ప్రధానంగా రాసినదే. ప్రార్థన అవసరాలంటే జబ్బులు, అప్పులు, కాపురాల గొడవలు. అవి ఒక కుర్రాడి ఫోన్లో ఉండాల్సినవి కావు. జనగణన పట్టికల సుగుణమే అది: ఎవరి పేరూ తెలియకుండా ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఆ అబ్బాయి ఉత్సాహాన్ని మ్యాపు గీసే పనికి మళ్లించండి, బాగా చేస్తాడు.

అంకెలు ఎక్కడికి వెళ్లి అడగాలో చెబుతాయి. ఏం కావాలో అక్కడి మనుషులే చెప్పాలి. నెల గడువులో పన్నెండు నుంచి పదిహేను సంభాషణలు సాధ్యమే: బడి ప్రధానోపాధ్యాయులు, ఆరోగ్య కేంద్రం నర్సు, పోస్ట్‌మ్యాన్, అపార్ట్‌మెంట్ కాపలాదారు, మందుల షాపు మనిషి, ఇద్దరు ముగ్గురు వృద్ధులు, కొత్తగా అద్దెకు దిగిన రెండు మూడు కుటుంబాలు. “మా సంఘం మీకేం చేయాలి?” అని అడగకండి, మర్యాదకు ఏదో ఒకటి చెప్పేస్తారు. “ఇక్కడ ఉండేవాళ్లకు రోజులో ఏ సమయం కష్టంగా గడుస్తుంది?”, “గత నెలలో ఎవరికి సాయం దొరకలేదు?”, “ఆ పని ఇప్పటికే ఎవరైనా చేస్తున్నారా?” అని అడగండి. మూడోది మరిచిపోతే, ప్రభుత్వమో పక్క వీధిలోని సంస్థో ఏళ్లుగా చేస్తున్న పనినే మీరూ మొదలుపెడతారు.

ఈ లోగా మీ మనుషుల లెక్కా వేయండి, ఎందుకంటే ఎక్కువ ప్రణాళికలు ఇక్కడే కుప్పకూలుతాయి. 20 మంది వృద్ధులను వారానికోసారి పలకరించాలనుకుందాం. ఇద్దరు కలిసి వెళ్లే జంట ఒక సాయంత్రం రెండు ఇళ్లకు మించి వెళ్లలేదు. అంటే పది జంటలు, ఇరవై మంది, ప్రతి వారం. పదిహేను రోజులకోసారి అయితే ఐదు జంటలు సరిపోతాయి. ఒంటరిగా ఎవర్నీ పంపకండి. వాళ్ల డబ్బు, బ్యాంకు కార్డు, మందుల డోసు జోలికి పోవద్దని మొదటి రోజే చెప్పండి. రెండు నెలలు వెళ్లి మానేయడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడం నయం. ఎదురుచూసే మనిషికి అది మరో దెబ్బ.

నివేదికలో మూడు దారులు పెట్టవచ్చు. వీబీఎస్‌ను అలాగే ఉంచి, చుట్టుపక్కల అద్దె ఇళ్ల పిల్లలకు ఆహ్వానం చేరేలా చూడటం ఒకటి. ఖర్చు తక్కువ, పెద్దాయన చేతిలోనే ఉంటుంది, కానీ వృద్ధుల సంగతి అక్కడే ఆగిపోతుంది. అద్దెకుండేవాళ్లు తరచూ మారతారు కాబట్టి ప్రతి ఏడూ పిలుపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండోది వృద్ధుల పలకరింపు. అవసరం పెద్దది, ఫలితం ఆదివారం హాజరులో కనిపించదు, ఏడాది తిరిగేసరికి “ఏం లాభం?” అని ఎవరో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే పెద్దలందరితో ఒప్పించుకోకపోతే అది నిలవదు. మూడోది పన్నెండు వారాల ప్రయోగం: రెండు వీధులు, ఐదు జంటలు, పది ఇళ్లు, వీబీఎస్ డబ్బు ముట్టుకోకుండా. నాకు ఇదే మీ సంఘానికి తగినదనిపిస్తోంది. నష్టమేమిటంటే చిన్నది కాబట్టి దీన్ని చూపించి పెద్ద తీర్మానాలు చేయలేరు, ఉత్సాహవంతులు విసుక్కుంటారు. లెక్క పెట్టాల్సింది ఎన్ని ఇళ్లు మళ్లీ రమ్మన్నాయి, ఎన్ని వద్దన్నాయి, ఏ జంట ఏ వారం వెళ్లలేకపోయింది, ఎందుకు అన్నది. ఎంతమంది మందిరానికి వచ్చారన్నది ఈ కాగితంలో రాయకండి. అది రాస్తే వెళ్లేవాళ్ల మాట తీరే మారిపోతుంది, సాయానికి షరతు ఉన్నట్టు అవతలివాళ్లకు అర్థమవుతుంది.

నివేదిక ఒక్క పేజీ దాటనివ్వకండి. పైన మ్యాపు, కింద నాలుగు వరుసల పట్టిక: పిల్లలు, వృద్ధులు, ఒక్కరే ఉండే ఇళ్లు, అద్దె ఇళ్లు. ప్రతి వరుసలో అప్పటి సంఖ్య, ఇప్పటి సంఖ్య, శాతం, మొత్తం పట్టణంలో ఆ శాతం ఎంత అన్నవి ఉండాలి. పట్టణంతో పోల్చకపోతే 11 శాతం ఎక్కువో తక్కువో ఎవరికీ తెలియదు. పట్టిక కింద సంభాషణల్లో పదే పదే వినబడిన రెండు మూడు మాటలు, వాటి తర్వాత మూడు దారులు. మీకు నచ్చిన దారి కింద గీత గీసి చూపించకండి. పాస్టర్ గారు అడిగితే అప్పుడు చెప్పండి.

ఇంత చేసినా పెద్దాయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వీబీఎస్ జోలికి పోకుండా, పాస్టర్ గారి అనుమతితో స్త్రీల సమాజం తరఫున రెండు వీధులతో మొదలుపెట్టడానికి ఎవరూ అడ్డుచెప్పకపోవచ్చు. అనుమతి కూడా రాకపోతే పట్టికను తేదీ వేసి కమిటీ ఫైల్లో ఉంచి, ఈ వేసవిలో ఆయన పక్కన కూర్చుని వీబీఎస్ నమోదు పుస్తకం మీరే రాయండి. వీధి పేరుకు ఒక గడి అదనంగా గీయండి.